బాల్కన్ ట్రిప్ అన్నారు, గద్వాల బస్సెక్కించా: మూడు రోజులు, ఐదు సంస్థానాలు

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక ట్రిప్ గురించి చెప్తాను. మామూలు ట్రావెల్ వ్లాగ్ అనుకోకండి. డ్రోన్ షాట్లు లేవు, హోటల్ రివ్యూ లేదు. పంతొమ్మిది మంది డిగ్రీ పిల్లలు, నేను, మూడు రోజులు. అంతే.

ఇదెట్లా మొదలైందో ముందు చెప్పాలి. మా చిన్నమ్మ కొడుకు వనపర్తిలో డిగ్రీ సెకండియర్. ఒకరోజు వాడు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. అన్నా, ఈ రీల్ చూడు అన్నాడు. ఎవరో కాలేజీ పిల్లలు, బ్యాక్‌ప్యాకులు తగిలించుకుని, తొమ్మిది రోజుల్లో ఐదు బాల్కన్ దేశాలు తిరిగారట. కొండలు, కోటలు, నీలం నీళ్ళు. "మనం గూడ ఇట్లనే పోదామన్నా. ఎవరికీ తెల్వని దేశం పోవాలె" అన్నాడు. పాస్‌పోర్ట్ ఉందారా అంటే లేదు. సెర్బియాకు మనవాళ్ళు ఒకప్పుడు వీసా లేకుండా పోయేవాళ్ళు, 2023 జనవరి 1 నుంచి అదీ బంద్ అయింది. పైసల సంగతి నేను అడగనేలేదు.

నేనడిగింది ఒక్కటే. "గద్వాల కోట లోపలికి ఎప్పుడన్నా పోయినవా?" పోలేదు. "సోమశిల?" లేదు. "సరళాసాగర్?" అది మా మామ వాళ్ళ ఊరి దగ్గర అన్నాడు, కానీ ఎన్నడూ చూడలేదు. "మా దిక్కు ఏమున్నదన్నా చూడనీకె?" అన్నాడు.

ఈ మాట నాకు కొంచెం గుచ్చుకుంటుంది. ఎందుకో తర్వాత చెప్తా. మొత్తానికి తెలియని దేశమే కదా కావాల్సింది, పదండి అన్నాను. పోయిన మార్చిలో బయల్దేరాం.

ఆగండి, బాల్కన్ అన్నాను కదా, ఆ లింకు ఊరికే పెట్టలేదు. బాల్కన్ అంటే టర్కీ భాషలో అడవి ఉన్న కొండలు అని. యూరప్‌కు ఆగ్నేయాన బల్గేరియా, సెర్బియా, అల్బేనియా, మాంటెనెగ్రో లాంటి దేశాలున్న ప్రాంతం. శతాబ్దాల పాటు అది ఒట్టోమన్ సుల్తాన్‌ల నీడలో ఉంది. కానీ అంతా సుల్తానే నేరుగా ఏలలేదు. ఇప్పటి రొమేనియాలో ఉన్న వలేకియా లాంటి చోట్ల లోపల పాలన స్థానిక ప్రభువులది, ఏటా కప్పం మాత్రం సుల్తాన్‌కి. ఇప్పుడు సుల్తాన్ ప్లేస్‌లో నిజాంని పెట్టండి, ఆ ప్రభువుల ప్లేస్‌లో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత, గోపాల్‌పేట సంస్థానాలను పెట్టండి. పద్ధతి దాదాపు అదే. కోట వాళ్ళది, పన్ను వసూలు వాళ్ళది, హైదరాబాద్‌కు మాత్రం ఏటా పేష్కష్ కట్టాలి.

ఇంకో సరదా సంగతి. 1931లో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజంజాకి పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు దుర్రుషెహవార్, ఒట్టోమన్ వంశంలో చివరి ఖలీఫా కూతురు. అప్పటికి ఖలీఫా పదవి పోయి ఆయన ఫ్రాన్స్‌లో ఉంటున్నాడు. అంటే అక్కడ కప్పం తీసుకున్న వంశం, ఇక్కడ పేష్కష్ తీసుకున్న వంశం, ఇద్దరూ వియ్యంకులయ్యారన్నమాట. బస్సులో ఇది చెప్తే పిల్లలు నమ్మలేదు, గూగుల్ చేసుకున్నారు.

సైజు సంగతి కూడా చూడండి. మాంటెనెగ్రో వైశాల్యం 14 వేల చదరపు కిలోమీటర్ల లోపు. 2016లో విడదీయక ముందు మన పాత మహబూబ్‌నగర్ జిల్లా 18 వేలకు పైగా. జనాభా అయితే పోల్చే పనే లేదు. ఆ దేశంలో ఆరు లక్షల పైచిలుకు, 2011 లెక్కల్లో మన జిల్లాలో 40 లక్షలు. అంత పెద్ద "దేశంలో" పుట్టి, చూడనీకె ఏమున్నది అంటాం.

మొదటి రోజు పొద్దున వనపర్తి నుంచి పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి అలంపూర్. ఆర్టీసీ బస్సులే. అమ్మాయిలకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, అబ్బాయిలకు డబ్బులు. ఆ మూడు రోజులూ ఈ ఒక్క పాయింట్ మీద బస్సులో ఎంత లొల్లి జరిగిందో చెప్పలేను.

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. వాటి గురించి వీడియోలు బోలెడున్నాయి, నేను తిరిగి చెప్పను. నాకు చూపించాలనిపించింది కొంచెం దూరంగా ఉన్న సంగమేశ్వర ఆలయం. ఒక అమ్మాయి ఫొటోలు తీసుకుంటుంటే చెప్పా, చెల్లె, ఈ గుడి పుట్టింది ఇక్కడ కాదు అని. అది కూడవెల్లిలో, తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని, రాయికి రాయి విప్పి తెచ్చి ఇక్కడ పేర్చారు. "గుడిని విప్పుతారా అన్నా?" అని ఆ అమ్మాయి చాలాసేపు ఆ రాళ్ళ అతుకులు చూస్తూ నిలబడింది. అప్పుడు నాకు తెలియదు ఎందుకో. మూడో రోజు తెలిసింది.

అక్కడికి దగ్గర్లోనే బోరవెల్లి అని ఒక ఊరు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో అక్కడ పుట్టారు. నాకు "మా దిక్కు ఏమున్నది" అనే మాట గుచ్చుకుంటుంది అన్నాను కదా, కారణం ఈయనే. తెలంగాణలో కవులే లేరు అని ఒకాయన తేలిగ్గా రాస్తే, ఈయన తిట్లతో జవాబివ్వలేదు. ఊరూరికీ అడిగి, రాయించి, పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులు! మన భాషలో చెప్పాలంటే ఇది రిప్లై కాదు, డేటా. అందులో ఈ సంస్థానాల నుంచి వచ్చిన కవులు కూడా ఉన్నారు. తర్వాత 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. వనపర్తిలో చదువుతున్న మా పంతొమ్మిది మందిలో ఈ సంగతి ముగ్గురికి తెలుసు.

సాయంత్రానికి గద్వాల చేరాం. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. ఆ కాలేజీ ఆమె పేరు మీదే. విద్వద్గద్వాల అని ఊరికి పేరు, ఎందుకంటే కవుల్ని, పండితుల్ని పిలిచి సన్మానించేవాళ్ళు. తిరుపతి వెంకట కవులు కూడా ఈ సంస్థానాలు తిరిగినవాళ్ళే.

ఇక్కడ ఒక తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, కవులకు పైసలు ఇచ్చిండ్రు సరే, ఆ పైసలు యాడికెల్లి వచ్చినయి?" రైతు దగ్గర నుంచే వచ్చాయి తమ్మీ. శిస్తు నుంచి వచ్చాయి. వెట్టి కూడా ఉండేది. రాజుల వీడియోలు చేసేటప్పుడు మనం ఏనుగులు, అంబారీలు మాత్రమే చూపిస్తాం. నేనూ చేశాను అట్లాంటివి, ఒప్పుకుంటున్నా.

రాత్రి తెలిసినవాళ్ళ ఫంక్షన్ హాల్లో పడుకున్నాం. పొద్దున్నే మగ్గాల ఇళ్ళకు వెళ్ళాం.

గద్వాల చీర గురించి అగ్గిపెట్టెలో పడుతుంది అని అందరికీ తెలుసు. దాని అసలు గొప్పతనం అది కాదు. చీర ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు మాత్రం పట్టు. వినడానికి సింపుల్‌గా ఉంది కదా? నూలు, పట్టు రెండూ వేరే వేరే గుణం ఉన్న దారాలు. రెండింటినీ ఒకే బట్టగా ఎట్లా కలుపుతారు? అంచు కోసం విడిగా నాడె, ఒంటి కోసం విడిగా నాడె. రెండు అంచులుంటాయి కాబట్టి మొత్తం మూడు నాడెలు. ప్రతి వరుసలో అంచు పేక దారం, ఒంటి పేక దారం ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరగాలి. ఒక్క వరుసలో మర్చిపోతే అక్కడ చిల్లు. కొంగు దగ్గర ఇంకో కష్టం: నూలు పడుగు ఆపి, పట్టు పడుగును పోగుకు పోగు చేత్తో అతికించాలి. దీన్నే కుప్పడం చీర అంటారు. అంచు అతుకులో గోపురాల్లాగా మొనలు మొనలుగా వస్తే కోటకొమ్మ అంటారు. కాబట్టి ఈసారి షాపులో "ఒరిజినల్ గద్వాల" అని చూపిస్తే తిరగేసి చూడండి. అంచు, ఒళ్ళు కలిసే గీత దగ్గర దారాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉండాలి. కుట్టు మిషన్ గీత కనపడిందా, పక్కన పెట్టేయండి.

తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా ఇక్కడి నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం కాలం నుంచి ఆనవాయితీ. నేసేవాళ్ళు నియమంతో, దీక్షగా నేస్తారు. సంస్థానం పోయింది, పంచెలు పోవడం ఆగలేదు.

మేం వెళ్ళిన ఇంట్లో పెద్దాయన గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకునే మాతో మాట్లాడారు, నేత ఆపలేదు. మా పిల్లలో ఒకడు "తాతా, మీ పిల్లలకు నేర్పిండ్రా?" అనడిగాడు. "నేర్పిన. మస్తు మంచిగ నేస్తుండె చిన్నోడు. ఇప్పుడు పట్నంల వాచ్‌మెన్. నెల కాంగనె జీతం పడ్తది గద" అన్నారాయన. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కడి నుంచి జూరాల వైపు పోతుంటే దారి పక్కన ఖాళీ చేలు. ఒక అబ్బాయి కిటికీలోంచి చూపిస్తూ చెప్పాడు, ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్‌కు పోయేవాడట. గద్వాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనం బాగా పండిస్తారు. ఆ విత్తనం దానంతటది రాదు. సాయంత్రం మొగ్గను విప్పి అందులో మగ భాగం గోటితో తీసేయాలి. పొద్దున వేరే రకం పువ్వు పుప్పొడి తెచ్చి దానికి రుద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. చిన్న వేళ్ళు, చిన్న ఎత్తు ఈ పనికి బాగా సరిపోతాయని పిల్లల్ని పిలిచేవాళ్ళు. "బడికి పోయేటోన్నే, కానీ సీజన్ల పోకపోతుంటి" అన్నాడు. వాడి పక్క సీట్లో కూర్చునే దోస్తుకు కూడా అప్పటిదాకా ఈ సంగతి తెలియదు.

జూరాల డ్యామ్ దగ్గర ఆగి చేపల వేపుడు తిన్నాం. మార్చి కదా, నీళ్ళు తక్కువ. చేపలు మాత్రం సూపర్. ముందుకు సాగుదాం.

ఇప్పుడు నాకు ఈ ట్రిప్‌లో ఫేవరెట్ జాగా: సరళాసాగర్. వనపర్తి రోడ్ రైల్వే స్టేషన్ ఉన్న మదనాపురం దగ్గర ఉంటుంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద మొదలుపెట్టించారు. 1949లో శంకుస్థాపన, 1959లో పూర్తి. ఇందులో స్పెషల్ ఏంటంటే, నీళ్ళు వదలడానికి గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. కరెంటూ అక్కర్లేదు. ఆటోమేటిక్ సైఫన్లు.

బండి ట్యాంక్‌లోంచి పెట్రోల్ పైపుతో లాగడం చూశారు కదా? పైపు నోట్లో పెట్టుకుని ఒకసారి పీలిస్తే, లోపల గాలి పోతుంది, ఆ తర్వాత పెట్రోల్ దానంతటదే ట్యాంక్ అంచు ఎక్కి కిందకి దూకుతుంది. సరిగ్గా అదే. కట్ట మీద కాంక్రీట్‌తో పెద్ద పెద్ద వంకర గొట్టాలు కట్టారు. చెరువు నిండి నీళ్ళు ఒక మట్టం దాటగానే సన్నగా గొట్టంలోకి జారతాయి, జారుతూ లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి అయిపోయిందా, ఇక గొట్టం నిండా నీళ్ళు ఒక్కసారిగా లాగేస్తాయి. మట్టం దిగగానే గాలి రంధ్రం తేలుతుంది, గాలి లోపలికి దూరుతుంది, సైఫన్ టప్పున ఆగిపోతుంది. అర్ధరాత్రి వాన పడ్డా ఎవర్నీ నిద్రలేపక్కర్లేదు.

మేం పోయినప్పుడు నీళ్ళు దూకడం చూడలేదు, ఎండాకాలం. ఎండిన గొట్టాల కింద నిలబడి అరిస్తే ప్రతిధ్వని వస్తుంది, అదొక పావుగంట నడిచింది. కానీ ఒకటి చెప్పాలి. ఇంత తెలివైన సైఫన్లున్న ఈ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది. సైఫన్ ఫెయిల్ కాలేదు, పోయింది మట్టికట్ట. తర్వాత మళ్ళీ కట్టారు. మెషీన్ ఎంత గొప్పదైనా పక్కనున్న మట్టిని ఎవరో ఒకరు చూస్తుండాలి కదా.

వనపర్తి ప్యాలెస్ గురించి ఎక్కువ చెప్పను, మా పిల్లల సొంత ఊరే. అందులో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఒక్క సంగతి మాత్రం వాళ్ళకూ కొత్త: హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే ఏరియా ఉంది కదా, ఏసీ అంటే కూలర్ ఏసీ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజు దగ్గరున్న ఆఫ్రికన్ గుర్రపు దళం నిజాంకు చేరింది, వాళ్ళు ఉన్న చోటుకు ఆ పేరొచ్చింది.

మూడో రోజు కొల్లాపూర్, అంటే నాగర్‌కర్నూల్ జిల్లా. సురభి వంశం వాళ్ళ ప్యాలెస్ బయటినుంచి చూసి, మాధవస్వామి గుడికి పోయాం. ఈ గుడి కూడా వలస వచ్చిందే, మంచాలకట్ట నుంచి. అక్కడి నుంచి సోమశిల. చుట్టూ నల్లమల, మధ్యలో కృష్ణ. రీల్స్‌లో తెలంగాణ మాల్దీవ్స్ అని పెడతారే, అదే. నిజంగానే నీలంగా ఉంటుంది. కానీ ఆ నీలం కింద ఏముందో రీల్‌లో చెప్పరు.

శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981 ప్రాంతంలో ఊళ్ళు ఖాళీ చేయించారు, ఇళ్ళు పడగొట్టారు. గుళ్ళను రాయికి రాయి లెక్కరాసి తరలించారు. ఇళ్ళకు ఆ భాగ్యం లేదు. బాల్కన్ అన్నాం కదా, అక్కడా ఇదే కథ. డాన్యూబ్ నదిలో అడా కలే అని ఒక చిన్న దీవి ఉండేది. టర్కీ కుటుంబాలు, మసీదు, కాఫీ దుకాణాలు. ఐరన్ గేట్స్ డ్యామ్ కట్టాక 1970ల మొదట్లో మొత్తం మునిగింది. నార్త్ మాసిడోనియాలో మావ్రోవో సరస్సు మధ్యలో ఒక చర్చి ఉంది, నీళ్ళు తగ్గితే గోడలు బయటపడతాయి. దానితో ఫొటో దిగడానికి జనం విమానాలెక్కి పోతున్నారు. మన దగ్గర సోమశిల అవతల, కర్నూలు వైపు సంగమేశ్వరం గుడి కూడా అంతే. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలో, ఎండాకాలం బయట.

అది చూద్దామని పిల్లలు పడవ మాట్లాడారు. నేను ఒడ్డుకు వచ్చేసరికి పద్నాలుగు మంది ఎక్కేశారు, ఇంకా జనం ఎక్కుతున్నారు. లైఫ్ జాకెట్లు నాలుగు కనపడ్డాయి. "ఏం కాదన్నా, రోజూ పోతనే ఉంటం" అన్నాడు పడవాయన. నేను అందర్నీ దిగమన్నాను. వాళ్ళకు కోపం వచ్చింది, మా తమ్ముడైతే నాతో మాట్లాడడం మానేశాడు. అప్పుడు చెప్పా. 2007 జనవరిలో ఇదే కృష్ణలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చచ్చిపోయారు. ఈ వైపు నుంచి ఆ వైపు పోవడానికి రోడ్డు మీద చాలా దూరం తిరగాలి, అందుకే జనం పడవ ఎక్కుతారు. వంతెన కావాలని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. సోమశిల, సిద్దేశ్వరం మధ్య వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది. మేం నిలబడ్డ రోజు మాత్రం అక్కడ పడవలే. ఇంత చెప్పినా అందరూ కన్విన్స్ అయ్యారని అనను. సంగమేశ్వరం చూడలేదు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అంటున్నారు, అననీయండి. మీరు పోతే జాకెట్ ఇచ్చేదాకా పడవ ఎక్కకండి, మనుషుల్ని లెక్కపెట్టండి.

ఎక్కనివాళ్ళలో ఒక్క అమ్మాయి మాత్రం నా మీద కోపం తెచ్చుకోలేదు. అలంపూర్‌లో రాళ్ళ అతుకులు చూసిన అమ్మాయి. నీళ్ళ అంచుకు పోయి ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. అవతల వాళ్ళ నాయనమ్మ. పెళ్ళై వచ్చిన ఊరు ఈ నీళ్ళ కిందే ఉందట. ఖాళీ చేసినప్పుడు చంకలో పిల్లతో, మూట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఈ దిక్కు రాలేదు.

సిగ్నల్ సరిగ్గా లేదు, మాట ఆగి ఆగి వస్తోంది. "నీళ్ళు ఎంత దిగినయి బిడ్డా?" అంది ముసలామె. అమ్మాయి కెమెరా తిప్పింది. "అది గాదు, అది కొండ. ఇంక జర ఎడమకు తిప్పు. ఇంక జర." చుట్టూ పద్దెనిమిది మంది నిశ్శబ్దంగా నిలబడ్డారు. కొల్లాపూర్‌లో మా బస్సుకు టైమైపోతోంది, నేను చెప్పలేదు. "కిందికి దించు. గా గుట్ట కింద చింతచెట్టు ఉండాలె, కనపడ్తుందా?" నీళ్ళు తప్ప ఏమీ లేవు. అమ్మాయి మమ్మల్ని ఒకసారి చూసి, ఫోన్ ఇంకొంచెం ముందుకు చాపింది. "లేదు అవ్వా, ఇంక దిగలే నీళ్ళు. మే నెలల మళ్ళొస్త, అప్పుడు చూపిస్త" అంది.

మే నెలలో ఆరుగురం వెళ్తున్నాం. అవ్వను కూడా తీసుకొస్తామన్నారు.